పై గుడి, కింది గుడి, నా చదువు

ఇది నేను ఎప్పుడో రాయాల్సింది. రాయలేదంటే బద్ధకం కాదు, అక్షరాలు రాక. నా ఈడు ఆడవాళ్లు చాలామంది "మా కాలంలో ఆడపిల్లలకి చదువెక్కడిది" అని నిట్టూర్చి ఊరుకుంటారు. నాకు ఆ మాట అనుకునే వీలు కూడా లేదు. నాకు చదువు చెప్పడానికి ఒకటి కాదు, రెండు సంఘాలు పోటీ పడ్డాయి. అందుకే రాలేదు.

మనవలు పుట్టాక, పక్కింటికి శ్రీకాకుళం నుంచి కాపురానికొచ్చిన కోడలు నన్ను తన వంటింటి గుమ్మంలో కూచోబెట్టి, కూరలు తరుక్కుంటూనే నేర్పేసింది. ఆ అమ్మాయి ఏ గుడికీ పోదు. ఆ సంగతి మా వాళ్లకి ఇప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడిదంతా ఎందుకంటే, మా వీధి మొదట్లో కట్టిన రెండు ఫ్లెక్సీల వల్ల. సెలవులిచ్చారు కదా, పిల్లలకి వేసవి బైబిలు బడి అని పై గుడి వాళ్లొకటి కట్టారు. దాని పక్కనే, అంతకంటే ఒక మూర పొడుగ్గా, కింది గుడి వాళ్లు ఇంకొకటి కట్టారు. ఒకే వారం, ఒకే వేళ. పై గుడిలో చివరి రోజు బిర్యానీ అట. కింది గుడిలో బిర్యానీ, ఐస్‌క్రీమూనట. నేను ఎండలో నిలబడి రెండూ కూడబలుక్కుని చదివాను. చదవగలిగినందుకు ముందు సంతోషం వేసింది. ఏం చదివానో అర్థమయ్యాక ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మనవరాల్ని అడిగితే, "నానమ్మా, నేను రెండిట్లోనూ పేరిచ్చాను. ఏక్ దిన్ పైకి, ఏక్ దిన్ కిందకి" అంది. దాని తప్పేముంది? నేనూ అంతే చేశాను.

మా దీవిలో మిడిల్ పాయింట్ దాటి కిందికి దిగే ఏటవాలు వీధి మాది, అంతా ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్లే. అప్పట్లో అన్నీ చెక్క గోడలు, రేకు కప్పుల ఇళ్లు. వీధి పైకొసన పై గుడి, మెట్లు దిగితే కింది గుడి, రెండిటికీ నడుమ కుళాయి. ఎండాకాలం వస్తే వీధంతా ఎండు నెత్తళ్ల చేపల వాసన, దాని మీద కొబ్బరి పీచు కాల్చిన పొగ, దాని మీద మళ్లీ ఎవరింట్లోనో వేగుతున్న ఉల్లిపాయ. పై గుడికి గంట ఉండేది. కింది గుడికి మైకుండేది. గంట మొదలైతే మైకు లేచేది. మైకు లేస్తే గంట ఆగేది కాదు.

పై గుడిలో పసిపిల్లలకి నెత్తి మీద నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చేవారు. కింది గుడిలో పెద్దయ్యాక సముద్రంలో ముంచేవారు. పై గుడి పాస్టరుని అయ్యగారు అనేవారు, కింది గుడి పాస్టరుని బ్రదరు అనేవారు. పై వాళ్లు కింది వాళ్లని 'మునిగినోళ్లు' అనేవారు. కింది వాళ్లు పై వాళ్లని 'తడవనోళ్లు' అనేవారు. కుళాయి దగ్గర మాత్రం అందరూ ఒకటే వరసలో నిలబడాలి కాబట్టి, అక్కడ మాటలు ఇలా ఉండేవి:

"ఏటే, నిన్న మీ బ్రదరు మైకులో మమ్మల్ని తిట్టినాడట?"

"మిమ్మల్నెందుకు తిడతాడప్పా? సైతానుని తిట్టినాడు. మీకు తగిలితే మేమేటి సేస్తాం?"

మా ఇంట్లో నాయనమ్మ పై గుడి. అమ్మ కింది గుడి. నాన్న హాడో రేవులో సరుకులు దించే పని చేసేవాడు. ఆదివారం ఏ గుడికీ వెళ్లకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎవరి ఆరాధన ముందు ముగిస్తే వాళ్ల భక్తి తక్కువని లెక్క, కాబట్టి రెండు గుళ్లూ ముందు వదిలేవి కావు. పొద్దున వండిన చేపల పులుసు మధ్యాహ్నం దాటేదాకా మమ్మల్ని చూస్తూ కూచునేది. నాన్న లేచి గిన్నె మూత తీసి, "దేవుడు కూడా తినుంటాడీపాటికి" అని వడ్డించుకునేవాడు.

నేనూ నా తోటి పిల్లలూ రెండు చోట్లా తిరిగేవాళ్లం. పై గుడి ఆదివారం బడిలో బన్నూ టీ ఇచ్చేవారు. కింద అరటిపండు వేసి చేసిన రవ్వ హల్వా పెట్టేవారు. కింది గుడిలో బంగారం నిషిద్ధం. అందుకని మెట్లు దిగేటప్పుడు చెవి రింగులు తీసి గౌను అంచులో ముడేసుకునేదాన్ని. ఎక్కేటప్పుడు మళ్లీ పెట్టుకునేదాన్ని. హల్వా కోసం అంత విశ్వాసం చూపించిన వాళ్లు మా వీధిలో ఇంకొకరు లేరు.

బడికి మాత్రం నేను పోలేదు. అమ్మకి కవల మగపిల్లలు పుట్టారు, వాళ్లిద్దరూ నా రెండు చంకల్లో పెరిగారు. వాళ్లు నడక నేర్చేసరికి నాకు బడిలో చేరే వయసు దాటిపోయింది. ఆ ఏడు వేసవికి ముందు నాన్న నన్ను తెలుగు బడి పెద్ద టీచరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ నన్ను పైనించి కిందకి చూసి, "ఇంత పొడుగు పిల్లని ఒకటో తరగతిలో కూచోబెడితే పాపం సిగ్గుతో చచ్చిపోతుంది. సెలవుల్లో ఎక్కడైనా అక్షరాలు నేర్పించండి. బడి తెరిచాక ఒక పేజీ చదివితే చాలు, మూడో తరగతిలో వేసుకుంటాను" అంది. చదవకపోతే ఏమిటన్నది నాన్న ఇంటికొచ్చాక చెప్పాడు. మిన్నీ బేలో ఒక ఆఫీసరు ఇంట్లో పసివాడిని ఆడించడానికి పిల్ల కావాలన్నారు. సీటు రాకపోతే అక్కడికి.

మా ఇంట్లో చదువు చెప్పేవాళ్లెవరు? నాయనమ్మకీ అమ్మకీ అక్షరం రాదు. నాన్నకి హిందీ అంకెలు తెలుసు. నా ఆశంతా వేసవి బైబిలు బడి మీద.

ఆ ఏడు పై గుడి అయ్యగారి భార్య కాన్పుకి ఓడెక్కి వైజాగు వెళ్లింది. ఏటా పిల్లలకి అక్షరాలు చెప్పేది ఆవిడే. కింది గుడికి కొత్తగా ఒక సిస్టరు వచ్చింది. పెళ్లికి ముందు సముద్రం అవతల, పెద్ద నేల మీద టీచరుగా చేసింది, భర్త లైట్‌హౌసులో పని. అంటే పైన బెంచీలున్నాయి, నల్లబల్ల ఉంది, పలకలున్నాయి, చెప్పే మనిషి లేదు. కింద చెప్పే మనిషుంది, రెండు చాపలు తప్ప ఏమీ లేవు. ఇది కుళాయి దగ్గర ఆడవాళ్లకి ఒక్క పూటలో అర్థమైంది. మగవాళ్లకి అర్థమవడానికి రెండు ఉపవాస ప్రార్థనలు, ఒక కమిటీ పట్టాయి.

చివరికి ఒప్పందం కుదిరింది. ఒకరోజు పైన, ఒకరోజు కింద. పైన ఉన్నప్పుడు పై గుడి పాట, కింద ఉన్నప్పుడు కింది గుడి ప్రార్థన. దానికోసం బెంచీలూ నల్లబల్లా రోజూ మెట్లు దిగాలి, ఎక్కాలి. మొదటి రోజు రెండు సంఘాల పెద్దలూ చెరో కొస పట్టుకుని నవ్వుతూ మోశారు. రెండో రోజు నుంచి పిల్లలమే మోశాం. బెంచీల వీపున పై గుడి పేరు తెల్లరంగుతో రాసుండేది. అవి కిందికి దిగగానే బ్రదరు వాటి మీద దుప్పట్లు కప్పించేవాడు. ఆ ఉక్కలో దుప్పటికి వీపానించి కూచుంటే చెమట కారిపోయేది. అయ్యో, పేరు చూస్తే పిల్లలు పాడైపోతారా అని అడిగే దిక్కు లేదు.

సిస్టరు గొంతు చిన్నది. అక్షరం బల్ల మీద రాసి, మా వేలు పట్టుకుని దాని మీద తిప్పించేది. సుద్ద పొడి, ఆవిడ చేతికి రాసుకున్న కొబ్బరి నూనె కలిసిన వాసన నాకింకా గుర్తు. నెమ్మదిగా వెళ్లేది. అక్షరాలన్నీ ఒక చుట్టు తిరిగొచ్చి, రెండక్షరాల మాటల దగ్గరికొచ్చాం. బల్ల మీద 'ఓడ' అని రాసి, ఏమిటంది. నేను చాలాసేపు చూశాను. అక్కడ నిజంగా ఓడ ఉంది! హాడోలో ఆగే ఓడ, మా నాన్న పనిచేసే ఓడ. ఆ రాత్రి నాన్న కంచం దగ్గర మట్టిలో రాసి చూపిస్తే, ఆయన తినడం ఆపి చూశాడు.

అలాగే వెళ్లనిస్తే నేను గట్టెక్కేదాన్ని. వెళ్లనిచ్చారా?

పై గుడి అయ్యగారికి ఎవరో చెప్పారు, కింద పిల్లలు బైబిల్లోని కాపరి కీర్తన చదివేస్తున్నారని. చదవడం లేదు, పాపం, ఒప్పజెబుతున్నారు. కంఠతా పట్టించడం కింది గుడిలో అలవాటు. అయ్యగారు ఊరుకుంటాడా? ముగింపు రోజున పై గుడి పిల్లలు అదే కీర్తన పుస్తకం చూసి చదువుతారని ప్రకటించేశాడు. అయితే మా పిల్లలూ పుస్తకం చూసే చదువుతారని కింద మైకులో చెప్పారు. అంతే, అక్షరాలు పోయాయి, పలకలు మూలకి చేరాయి. పైనా కీర్తనే, కిందా కీర్తనే.

మా ఇంట్లో ఇంకో రెండు బడులు తెరిచారు. నాయనమ్మ చేపల పొలుసు తీస్తూ ఒక వాక్యం అనేది, నేను వెనకాల అనాలి. అమ్మ బట్టలు ఉతుకుతూ తర్వాతి వాక్యం అనేది. ఇద్దరికీ చదువు రాకపోయినా కీర్తన మాత్రం గుక్క తిప్పుకోకుండా వచ్చు. పుస్తకం నా ఒళ్లో పెట్టి, వేలు జరపమనేవారు. నేను వేలు జరిపేదాన్ని, మాట వచ్చేది. చదవడం అంటే ఇదే కాబోలనుకున్నాను. 'ఓడ' దగ్గర పడ్డ అవస్థ కంటే ఇది ఎంత సుఖంగా ఉంది!

ఒకరోజు సిస్టరు నా పుస్తకం మీద చెయ్యి పెట్టి, నడిమధ్య ఒక మాట మాత్రం కనపడనిచ్చింది. "ఇదేంటమ్మా?"

నేను మొదటి వాక్యం నుంచి అందుకున్నాను. అక్కడిదాకా వస్తే గాని నాకు తెలియదు.

సిస్టరు మొహం మారిపోయింది. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చింది. "దీనికి చదవడం రాలేదండీ. వినికిడితో చెబుతోంది. కీర్తన ఆపేసి నాకు వదిలెయ్యండి, బడి తెరిచేలోగా చిన్న పేజీ చదివిస్తాను."

నాయనమ్మ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "నా సెవులారా ఇన్నాను తల్లీ, నీళ్లలాగ సదువుతోంది గుంట."

"సిస్టర్, మా అత్త పై గుడి మనిషైనా ఈ మాటకి నేనూ ఆమీన్ అంటాను" అంది అమ్మ. "బాగా సదువుతోంది. మీకేటి కష్టం?"

వాళ్లిద్దరూ ఏకమైన రోజులు నా చిన్నతనంలో తక్కువ. అదొకటి. సిస్టరు అయ్యగారి దగ్గరికీ వెళ్లింది, బ్రదరు దగ్గరికీ వెళ్లింది. ఇద్దరూ ఒకే జవాబు చెప్పారట: ముందు ప్రోగ్రాం అవనివ్వండి.

ముగింపు రోజు కుళాయి పక్క ఖాళీ స్థలంలో పందిరి వేశారు. పై గుడి వాళ్లది తాటాకు సగం, కింది గుడి వాళ్లది టార్పాలిన్ సగం. నేను ఎవరి పిల్లనో తేలక, రెండు సంఘాల పిల్లలూ అయ్యాక చివర నిలబెట్టారు. నాయనమ్మ నాకు రింగులు పెట్టింది, అమ్మ తీసేసింది. నాయనమ్మ ఒకటి పెట్టేసరికి నన్ను పిలిచారు. ఒక చెవి రింగుతో వెళ్లి పుస్తకం పట్టుకుని కీర్తన మొదలుపెట్టాను.

సగంలో ఉండగా సముద్రం వైపు నుంచి గాలి కొట్టి రెండు మూడు పేజీలు తిరిగిపోయాయి. నేను ఆగలేదు. ఆ తిరిగిన పేజీ మీదే వేలు జరుపుతూ కీర్తన చివరిదాకా చెప్పేశాను. తాటాకు కింద అందరూ స్తోత్రం అన్నారు, టార్పాలిన్ కింద అందరూ హల్లెలూయ అన్నారు. అంతమంది కళ్లలో ఒక్క జత కూడా పుస్తకం మీద లేదు. సిస్టరు ఒక్కతే రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. ఆనందంతో ఏడుస్తోందని పక్కావిడ ఆమె వీపు నిమిరింది.

బడి తెరిచిన వారంలో, ఒక శనివారం, నాన్న పని మానుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను తీసుకెళ్లాడు. పెద్ద టీచరు ఒక వాచకం తెరిచి నా ముందు పెట్టింది. ఒక కోడి బొమ్మ, దాని కింద నాలుగు వరసలు. నేను వేలు పెట్టాను. మాట రాలేదు. వేలు జరిపాను. రాలేదు.

"ఇందులో కాపరి కీర్తన ఏ పేజీలో ఉందండీ?" అని అడిగాను.

ఆవిడ నవ్వలేదు. రెండు మూడు అక్షరాలు అడిగింది. కొన్ని చెప్పాను, కొన్ని కలిపేశాను. నాన్న చొక్కా చెమటకి తడిసిపోయింది. "నాకేటి తెలుసు మేడం. రెండు గుళ్లోళ్లూ సదివేసింది, సదివేసింది అన్నారు."

ఆవిడ వాచకం మూసింది. "పిల్ల మొద్దు కాదు. సాయంత్రాలు దీనికి నేర్పిస్తామని మీ గుడి పెద్దలెవరైనా సోమవారం వచ్చి నా ముందు మాటివ్వమనండి. తీసుకుంటాను. ఏ గుడైనా సరే."

ఏ గుడైనా సరే! నాన్న నన్ను దాదాపు ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చాడు. ఆ సాయంత్రమే ఇద్దరినీ పిలిచాడు. అయ్యగారు మా ఇంటి కుర్చీలో కూచున్నాడు. బ్రదరు నిలబడే ఉన్నాడు, ఎందుకంటే ఉన్నది ఒక్కటే కుర్చీ. విషయం విని ముందు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"అక్షరాలు నేర్పే పని మీ సిస్టరుది కదా. మేం బెంచీలిచ్చాం" అన్నాడు అయ్యగారు.

"కంఠతా వస్తే చాలదని మా సిస్టరు ముందే చెప్పింది. కీర్తన పోటీ పెట్టింది మీరు" అన్నాడు బ్రదరు.

"అరే, ఛోడియే నా!" అన్నాడు నాన్న. "ఎవలు సేసినారని నానడగట్లేదు బాబూ. సోమారం ఒక్క మాట సెప్పండి మేడంకి. మీరైనా, ఆయనైనా. బస్."

గుమ్మం దగ్గర నిలబడ్డ సిస్టరు "నేనొస్తాను" అంది. కానీ ఆమె భర్తకి దక్షిణాన ఎక్కడో దూరపు దీవి లైట్‌హౌసుకి బదిలీ అయింది. వచ్చే ఓడకే ప్రయాణం. సాయంత్రాలు నేర్పిస్తానని ఆమె ఏ నోటితో మాటిస్తుంది?

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "చూడు బాబూ, రేపు ఆదివారం. పిల్ల చదువు గురించి కృతజ్ఞతారాధన పెట్టాం. అక్షరం రాని ఇంట్లోంచి వచ్చిన పిల్ల వాక్యం చదివిందని ఊరంతా విన్నారు. ఇప్పుడు మనమే వెళ్లి, లేదు, దానికి చదవడం రాదు, నేర్పిస్తాం అంటే, ఆ సాక్ష్యం ఏమవుతుంది?"

"నిజమే అయ్యగారూ" అన్నాడు బ్రదరు. ఆ మనిషి నోట 'అయ్యగారూ' అన్న పిలుపు వినడం అదే మొదటిసారి. "మేమూ రేపు అదే చెబుతున్నాం. దేవుని నామం నవ్వులపాలు కాకూడదు."

ఇద్దరూ కలిసి ప్రార్థన చేశారు. నా తల మీద చెరో చెయ్యి పెట్టారు. కలిసే మెట్లు దిగారు, మాట్లాడుకుంటూ. అమ్మా నాయనమ్మా తమ గురువులు ఒక మాట మీదికి రావడం చూసి కదిలిపోయినట్టున్నారు. నాన్న మాత్రం గోడకి ఆనుకుని, "ఈ ఒక్కదానికే కలిసినార్రా" అన్నాడు, ఎవరితోనో తెలియదు.

ఇన్నేళ్లకైనా వాళ్ల మీద కోపం తగ్గిందా అంటే, చెప్పలేను. ఇద్దరూ చెడ్డవాళ్లు కారు. తుపాను వచ్చి మా కప్పు ఎగిరిపోయినప్పుడు అయ్యగారే రేకులు మోశాడు. మా నాన్న పోయినప్పుడు బ్రదరే పెట్టె మోశాడు. పోట్లాడుకున్నంత కాలం వాళ్ల వల్ల నాకు హల్వా దొరికింది, బన్ను దొరికింది. కొట్లాట కట్టిపెట్టి ఒకటైన రోజే నా పలక పోయింది. ఇప్పుడు వీధిలో ఎవరైనా "రెండు గుళ్లూ కలిసిపోతే ఎంత బావుణ్ణు" అంటే, దేనికి కలుస్తారో ముందు కనుక్కోండి అంటాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు.

మర్నాడు పొద్దున అమ్మ కిందికీ నాయనమ్మ పైకీ వెళ్లారు. నన్ను ఎవరూ పిలవలేదు. చేతికి పుస్తకం ఇచ్చి నిలబెడితే మళ్లీ ఏ గాలి కొడుతుందోనని కాబోలు. నాన్న ఆ ఒక్క ఆదివారం పడుకోలేదు. నా గౌన్లు రెండు గుడ్డసంచిలో పెట్టాడు. మేం రోడ్డెక్కేసరికి వెనక పై గుడిలో అయ్యగారు నా పేరు చెప్పి స్తోత్రం చేస్తున్నాడు. అంతలో కింద మైకు లేచి, అందులోనూ నా పేరే వినపడింది. నాన్న నా చెయ్యి పట్టుకుని వడివడిగా నడిచాడు. మిన్నీ బేలో ఆ ఇంటి దీదీ గేటు తీసి, "కుఛ్ ఖాయా?" అని అడిగింది. ఏమీ తినలేదన్నాను. వంటింటి మెట్టు మీద కూచోబెట్టి రెండు రొట్టెలు, కాస్త పంచదార ఇచ్చింది. తిని, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లి వాళ్ల బాబుని ఎత్తుకున్నాను.